విధించే రాత, వెలివేసే రాత: ‘ప్రిస్క్రైబ్’, ‘ప్రోస్క్రైబ్’ పదాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఇంగ్లీషులోని ‘ప్రిస్క్రైబ్’, ‘ప్రోస్క్రైబ్’ అనే క్రియలు చూపుకు కవలల్లా ఉండి, అర్థంలో ఎదురెదురుగా నిలుస్తాయి. మొదటిది నిర్దేశించడం, రెండవది నిషేధించడం. ఈ రెండు పదాల లాటిన్ వ్యుత్పత్తినీ, రోమన్ చరిత్రలో రెండవ పదం పొందిన భయంకరమైన అర్థాన్నీ, బ్రిటిష్ ఇండియా పుస్తక చట్టాలలో ఈ రెంటికీ దక్కిన స్థానాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రెండు ఆజ్ఞలకూ లోనైన తెలుగు నవల ‘మాలపల్లి’ చరిత్ర ఆధారంగా, ఈ పదాల మధ్య అర్థభేదం ఎంత పెద్దదో, వాటి వెనుక ఉన్న అధికారం ఎంత దగ్గరిదో నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: నిర్దేశం, నిషేధం, పాఠ్యగ్రంథం, నిషిద్ధ గ్రంథం, రోమన్ చరిత్ర, పత్రికా చట్టాలు, మాలపల్లి, విధినిషేధాలు.

1. ఉపోద్ఘాతం

ఇంగ్లీషు చదువరులను తికమకపెట్టే జంటపదాలలో ‘ప్రిస్క్రైబ్’, ‘ప్రోస్క్రైబ్’ ముఖ్యమైనవి. తెలుగు లిపిలో రాస్తే వీటి మధ్య తేడా గుడికీ ఓత్వానికీ ఉన్న తేడా మాత్రమే. అర్థానికి వస్తే మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర. విశ్వవిద్యాలయం ఒక పుస్తకాన్ని ‘ప్రిస్క్రైబ్’ చేస్తే విద్యార్థి దానిని చదివి తీరాలి. ప్రభుత్వం అదే పుస్తకాన్ని ‘ప్రోస్క్రైబ్’ చేస్తే దానిని అమ్మినవాడు శిక్షకు పాత్రుడవుతాడు.

మొదటి పదానికి చెందిన నామరూపం వైద్యుని మందుచీటీ మూలంగా పల్లెల్లో సైతం పరిచితమే. అదే నామరూపానికి న్యాయశాస్త్రంలో ఉన్న అర్థం మాత్రం న్యాయవాదులకే పరిమితం. రెండవ పదం సామాన్య వ్యవహారంలో అరుదు. చరిత్ర గ్రంథాలలో, ప్రభుత్వ పత్రాలలో, నిషేధానికి గురైన సంస్థల జాబితాలలో అది కనిపిస్తుంది. నిఘంటువులు ఈ రెంటికీ చెరొక అర్థం చెప్పి ఊరుకుంటాయి. అంత దగ్గరి రూపాలకు ఇంత దూరపు అర్థాలు ఎలా ఏర్పడ్డాయో తెలియాలంటే చరిత్రలోకి వెళ్ళాలి.

2. ధాతువు ఒకటి, ఉపసర్గలు రెండు

రెండు పదాలకూ మూలం ‘రాయు’ అనే అర్థం గల లాటిన్ క్రియ ‘స్క్రీబెరె’. శాసనం, లిపి, సైన్యంలో నిర్బంధ భర్తీ, పత్రిక చందా అనే అర్థాలు గల ఇంగ్లీషు పదాలెన్నో ఈ క్రియనుండే పుట్టాయి. దీనికి ముందు చేరిన ఉపసర్గలే అర్థాన్ని మార్చాయి. ‘ప్రయి’ అంటే ముందు. కనుక ‘ప్రయిస్క్రీబెరె’ అంటే ముందుగా రాయడం, పైన రాయడం. ‘ప్రో’ అంటే ఎదుట, బాహాటంగా. కనుక ‘ప్రోస్క్రీబెరె’ అంటే నలుగురి ఎదుట రాసిపెట్టడం, ప్రకటించడం.

మొదటి పదం రోమన్ న్యాయస్థానాలలో పరిభాషగా స్థిరపడింది. దావా సారాంశాన్ని తెలిపే పత్రానికి శీర్షభాగంలో రాసే షరతును ‘ప్రయిస్క్రిప్తియో’ అనేవారు. దీర్ఘకాలం భూమిని అనుభవించినవాడు తనపై వచ్చిన దావాకు ఆ కాలాన్నే అడ్డు చూపించే అవకాశం దీని ద్వారా కలిగింది. ఉభయపక్షాలూ ఒకే రాష్ట్రంలో ఉంటే 10 ఏళ్ళు, వేర్వేరు రాష్ట్రాలలో ఉంటే 20 ఏళ్ళు అనుభవం చూపాలి. భారతదేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఈ భావననే స్వీకరించింది. ఇతరుల స్థలం మీదుగా దారిని గానీ, నీటి పారుదలను గానీ, కిటికీకి వచ్చే వెలుతురును గానీ 20 ఏళ్ళు శాంతంగా, బాహాటంగా, అంతరాయం లేకుండా హక్కుగా అనుభవించినవారికి అది శాశ్వత హక్కు అవుతుంది. ఇంగ్లీషు న్యాయపరిభాషలో ఈ హక్కు సంక్రమణకు పేరు ‘ప్రిస్క్రిప్షన్’. మందుచీటీకీ పొలం గట్టు దారికీ ఒకే పేరు రావడానికి కారణం రెంటికీ మూలం ఒకే లాటిన్ పదం కావడమే.

రెండవ పదానికి తొలి అర్థం నిరపాయకరమైనది. ఫలానా ఇల్లు అమ్మకానికి ఉన్నదనీ, ఫలానా అప్పులవాని ఆస్తి వేలానికి వచ్చిందనీ రాసిపెట్టడం కూడా ‘ప్రోస్క్రిప్తియో’యే. ఈ అమ్మకపు ప్రకటన మరణశాసనంగా మారిన కథ తరువాతి భాగంలో వస్తుంది.

ఈ రెండు పదాల పోలిక మధ్యయుగపు లేఖకులకు మరింత దగ్గరగా కనిపించింది. ఖరీదైన తోలుకాగితాన్ని పొదుపు చేయడానికి వారు ఉపసర్గలను సంక్షిప్త సంకేతాలతో రాసేవారు. ‘ప’ ధ్వనికి చెందిన లాటిన్ అక్షరంపై అడ్డుగీత గీస్తే ‘ప్రయి’, దాని కాలికి ఎడమవైపునుండి వంపు గీత తగిలిస్తే ‘ప్రో’, ఆ కాలికే అడ్డుగీత గీస్తే ‘పెర్’. అంటే నిర్దేశానికీ నిషేధానికీ మధ్య ఉన్న తేడా ఆ రాతప్రతులలో ఒక్క కలం గీత.

3. రోము నగరపు పలకలు

క్రీ.పూ. 82లో అంతర్యుద్ధంలో గెలిచి రోము నగరాన్ని వశపరచుకున్న సేనాని సుల్లా తన శత్రువుల పేర్లను తెల్లని పలకలపై రాయించి నగరకూడలి అయిన ఫోరంలో నిలబెట్టించాడు. ప్లూటార్క్ కథనం ప్రకారం మొదటి జాబితాలో 80 పేర్లున్నాయి. ఒక రోజు గడిచాక మరో 220, ఆపైన మళ్ళీ అన్ని పేర్లు చేరాయి. జాబితాకెక్కినవాడిని ఎవరైనా చంపవచ్చు. చంపినవాడికి రెండు టాలెంట్ల బహుమతి. ఆశ్రయమిచ్చినవాడికి మరణశిక్ష. మృతుని ఆస్తి వేలానికి వెళ్ళేది. అతని కొడుకులూ మనుమలూ పదవులకు అనర్హులయ్యేవారు. పదం మారలేదు, పలక మారలేదు, వేలం కూడా మారలేదు. ఆస్తితోపాటు మనిషి కూడా ఆ పలకకెక్కాడు.

జాబితా ఎంతటి ఆయుధమో సెక్స్తుస్ రోస్కియుస్ వ్యాజ్యం తెలుపుతుంది. జాబితాలో పేర్లు చేర్చడానికి క్రీ.పూ. 81 జూన్ 1 తుది గడువు. అమేరియా పట్టణానికి చెందిన సంపన్నుడు రోస్కియుస్ ఆ గడువు దాటిన కొన్ని నెలలకు రోములో హత్యకు గురయ్యాడు. చనిపోయిన తరువాత అతని పేరు జాబితాలోకి చేరింది. 60 లక్షల సెస్టెర్స్‌ల విలువ గల అతని ఆస్తిని సుల్లా ఆంతరంగికుడైన క్రిసోగొనుస్ 2,000కు కొన్నాడు. అంతటితో ఆగక తండ్రిని చంపాడన్న నేరం కొడుకుపై మోపారు. క్రీ.పూ. 80లో అతని పక్షాన వాదించిన 26 ఏళ్ళ యువన్యాయవాది సిసెరో. ఆ వాదనే అతనికి కీర్తి తెచ్చింది.

37 ఏళ్ళ తరువాత ఆంటొనీ, ఆక్టేవియన్, లెపిదుస్‌లు కలిసి మరొక జాబితా రాసినప్పుడు అందులో సిసెరో పేరే ఉన్నది. క్రీ.పూ. 43 డిసెంబరు 7న అతనిని చంపి, తలనూ చేతులనూ తెచ్చి, అతను ఉపన్యసించిన వేదికపైనే వేలాడదీశారు. అప్పటినుండి ‘ప్రోస్క్రిప్షన్’ అన్న పదానికి ఈ భయంకరమైన అర్థం గట్టిగా అంటుకుంది. యూరపు భాషలలోకి అది వెలివేత, నిషేధం అన్న అర్థాలతోనే ప్రవేశించింది.

తెలుగు గ్రామజీవనంలో దండోరా ఈ పలక చేసిన పనినే చేసింది. వేలమైనా, శిస్తు గడువైనా, వెలివేత అయినా డప్పు చప్పుడుతో ఊరికి తెలిసేది. రోములో అక్షరం ఆ డప్పు స్థానంలో నిలిచింది. డప్పు మోత ఆగిపోతుంది. పలకమీది పేరు చెరిపేదాకా ఉంటుంది.

4. బ్రిటిష్ ఇండియాలో రెండు జాబితాలు

రోములో మనుషుల పేర్లు ఎక్కిన జాబితాకు ఆధునిక ప్రభుత్వాలు పుస్తకాల పేర్లను ఎక్కించాయి. భారతదేశంలో దీనికి పునాది 1867 నాటి పత్రికల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులను ప్రాంతీయ ప్రభుత్వానికి అందజేయాలి. వాటి వివరాలతో మూడు నెలలకొకసారి ప్రభుత్వ గెజెట్‌లో పట్టిక వెలువడాలి. ఏ భాషలో ఏ పుస్తకం వచ్చిందో ప్రభుత్వానికి తెలిసే ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటు తరువాత ఒక పుస్తకం రెండు జాబితాలలో ఏదో ఒకదానికి చేరే అవకాశం ఏర్పడింది. మొదటిది పాఠ్యగ్రంథాల జాబితా. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలకు గ్రంథాలను నిర్ణయించేది. ఆ నిర్ణయం వలన రచయితకు గౌరవం, ప్రచురణకర్తకు అమ్మకం, భాషకు ప్రమాణం ఏర్పడేవి. అందుకే 1911 తరువాత గ్రాంథిక, వ్యావహారిక వాదాల పోరు పరీక్షల చుట్టూ సాగింది. తెలుగు వ్యాసరచన విషయమై విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో సభ్యుడైన గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రం సమర్పించడం ఆ పోరులో ప్రధాన ఘట్టం. వాడుకభాషను ప్రభుత్వం నిషేధించలేదు. పరీక్షలో దానికి చోటు నిర్దేశించకపోవడమే బడి గుమ్మం దగ్గర దానిని ఆపడానికి సరిపోయింది.

రెండవది నిషిద్ధ గ్రంథాల జాబితా. 1910 నాటి ఇండియన్ ప్రెస్ చట్టం పుస్తకాలను గెజెట్ ప్రకటనతో జప్తు చేసే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకిచ్చింది. బాధితుడు రెండు నెలలలో హైకోర్టుకు వెళ్ళవచ్చు. ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక ధర్మాసనం విచారిస్తుంది. ఈ రక్షణ ఎంత పలుచనిదో 1913లో మౌలానా మహమ్మద్ అలీ కలకత్తా హైకోర్టులో వేసిన వ్యాజ్యంలో తేలింది. బాల్కన్ యుద్ధంలో ముస్లిముల కష్టాలను తెలిపే కరపత్రాన్ని ప్రభుత్వం జప్తు చేసింది. జప్తు ప్రకటనలో చట్టం కోరిన కారణాలు లేవని ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ గుర్తించినా, ఆ లోపాన్ని సరిదిద్దే అధికారం కోర్టుకు లేదని తేల్చారు. తన రచన చట్టపు వలలో పడదని నిరూపించుకునే భారం రచయితదే.

1922లో ఆ చట్టం రద్దయినా, పుస్తకాలను జప్తు చేసే అధికారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 99-ఎ విభాగంగా చేరింది. నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 98వ విభాగం దాని వారసురాలే.

ఇక్కడ పరిభాషకు సంబంధించిన విశేషం ఒకటి ఉంది. ఈ చట్టాల పాఠంలోని పదం ‘జప్తు’. కార్యాలయాల ఉత్తరప్రత్యుత్తరాలలో, గ్రంథాలయ సూచికలలో వాడుకైన పదం ‘ప్రోస్క్రైబ్డ్’. రోమన్ ప్రకటనలో ఉన్న ఆస్తి హరణం చట్టం మాటలోనూ, వెలివేత కార్యాలయపు మాటలోనూ నిలిచాయి. మరొకవైపు ‘ప్రిస్క్రైబ్డ్’ అన్న మాట దాదాపు ప్రతి భారతీయ చట్టపు నిర్వచనాల విభాగంలోనూ కనిపిస్తుంది. ఆ చట్టం కింద రూపొందే నియమాల ద్వారా నిర్ణయమైనదని దాని అర్థం. తెలుగు దరఖాస్తులలోని ‘నిర్ణీత నమూనా’, ‘నిర్ణీత గడువు’ అన్నవి ఆ మాటకు అనువాదాలే.

5. నిషిద్ధ గ్రంథమే పఠనీయ గ్రంథం

ఈ రెండు జాబితాలూ ప్రభుత్వ కార్యాలయాలలో వేరువేరుగా ఉండేవి. వాటిని ఒకటి చేసినవారు గాంధీజీ. ‘హింద్ స్వరాజ్’ గుజరాతీ ప్రతిని బొంబాయి ప్రభుత్వం 1910లో నిషేధించింది. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా శాసనోల్లంఘనం తలపెట్టినప్పుడు, సామాన్యుడు సులభంగా ఉల్లంఘించగల చట్టం ఏదన్న ప్రశ్న వచ్చింది. సత్యాగ్రహ సంఘం నిషిద్ధ సాహిత్యాన్ని ఎంచుకుంది. ‘హింద్ స్వరాజ్’, రస్కిన్ రచనకు గాంధీజీ గుజరాతీ సంగ్రహమైన ‘సర్వోదయ’, సోక్రటీస్ ఆత్మసమర్థనను తెలిపే ‘ఒక సత్యాగ్రహి కథ’, ఈజిప్టు జాతీయ నాయకుడు ముస్తఫా కామిల్ పాషా జీవితం, ప్రసంగం అన్నవి ఎంపికయ్యాయి. ప్రభుత్వపు నిషేధ జాబితానుండి ప్రజల పాఠ్యప్రణాళిక తయారయిందన్నమాట.

ఏప్రిల్ 6 సాయంత్రం బొంబాయి వీధులలో ఆ పుస్తకాలు అమ్ముడయ్యాయి. నాలుగణాల పుస్తకానికి కొందరు అంతకు ఎన్నో రెట్లు ఇచ్చారు. కొన్నవారికి జైలు తప్పదని అమ్మేవారే ముందుగా చెప్పారు. తీరా ప్రభుత్వం ఎవరినీ పట్టుకోలేదు. అమ్మినవి పునర్ముద్రణలనీ, నిషిద్ధమైనవి పాత ప్రతులేననీ, కనుక నేరం జరగలేదనీ వివరణ వచ్చింది. ఆ వివరణ జనాన్ని నిరాశపరిచిందని గాంధీజీ ఆత్మకథలో రాశారు. పలకమీద ఉన్నది పుస్తకం పేరా, ఫలానా ముద్రణా అన్న ప్రశ్నకు జవాబు పలక రాసినవారి సౌకర్యాన్ని బట్టి మారుతుందని ఈ సంఘటన తెలుపుతుంది.

6. రెండు జాబితాలకూ ఎక్కిన తెలుగు నవల

రెండు ఆజ్ఞలూ ఒకే తెలుగు పుస్తకం తలుపు తట్టిన ఉదంతం ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. ఐర్లండులో బారిష్టరు చదివి వచ్చిన ఉన్నవ జాతీయోద్యమంలో చేరి, పల్నాటి అటవీ సత్యాగ్రహ సందర్భంలో శిక్ష పొంది, 1922లో జైలులో ఈ నవల రాశారు. దీనికే ‘సంగవిజయం’ అని మరో పేరు. మంగళాపురం మాలపల్లెలో రామదాసు కుటుంబం దీనికి కేంద్రం. కూలి కోసం నిలిచిన సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో మరణిస్తాడు. అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడిగా మారి దోపిడీలకు నాయకుడవుతాడు. గుంటూరు సీమ వాడుకభాషలో, పాలేరు జీతం, పంట పంపకం, జైలు జీవితం వంటి వివరాలతో సాగే ఈ నవలలో అస్పృశ్య కుటుంబం కథానాయక స్థానంలో ఉంది.

తొలి ముద్రణ వెలువడిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం దీనిని నిషేధించింది. 1926లో మద్రాసు శాసనసభలో ఈ నిషేధంపై చర్చ జరిగింది. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించింది. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయం దీనిని పాఠ్యగ్రంథంగా నిర్ణయించింది. 1936లో ప్రభుత్వం మరల నిషేధాజ్ఞ జారీచేసింది. విశ్వవిద్యాలయ జాబితానుండి నవల తొలగిపోయింది. 1937లో రాజగోపాలాచారి నాయకత్వంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక నిషేధం రద్దయింది.

ఈ క్రమంలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, 1928 తరువాత కొన్నేళ్ళు అంగళ్ళలో ఉన్న పుస్తకంపై రెండవ నిషేధం వచ్చింది పాఠ్యనిర్ణయం జరిగిన తరువాతే. కొని చదివే పాఠకుడి చేతిలోని నవల వేరు, పరీక్ష కోసం ఏటా వందలమంది యువకులు చదివే నవల వేరు. పాఠ్యగ్రంథమన్న ముద్ర పుస్తకానికి అధికారిక సమ్మతిని ఇస్తుంది. మాలపల్లె వాసి గాథకు ఆ సమ్మతి దక్కడం నిషేధించే అధికారానికి సవాలు అవుతుంది. రెండవది, నవల పాఠం మారకుండానే దాని హోదా మారింది. 1936 నాటి విద్యార్థి చేతిలో ఉన్నది అంతకుముందు చదవమన్న పుస్తకమే. గెజెట్ మాత్రమే మారింది. కనుక ‘నిషిద్ధం’, ‘నిర్దిష్టం’ అన్నవి పుస్తకపు లక్షణాలు కావు, ఆయా కాలాలలో దానిపై పడిన ముద్రలు.

నిషేధం కోరని ఫలితాన్ని కూడా ఇస్తుంది. జప్తయిన భారతీయ గ్రంథాల ప్రతులు లండనుకు చేరి నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. వాటి సూచిక 1985లో ప్రత్యేక గ్రంథంగా వెలువడింది. ఎవరూ చదవకూడదన్న జాబితా పరిశోధకులకు పఠనసూచిగా మారింది.

7. విధినిషేధాలు: తెలుగు పలుకుబడి

ఈ ఇంగ్లీషు జంటను తెలుగులోకి తెచ్చినప్పుడు రూపసామ్యం పోతుంది. ‘నిర్దేశించు’, ‘నిషేధించు’ అన్నవాటిని ఎవరూ తికమకపడరు. అయితే తెలుగుకు సంస్కృతంనుండి వచ్చిన ‘విధినిషేధాలు’ అన్న సమాసం ఈ రెండు భావాలను మరొక రీతిలో జతచేస్తుంది. మీమాంసకులు వేదభాగాన్ని విధి, మంత్రం, నామధేయం, నిషేధం, అర్థవాదం అని ఐదుగా విభజించారు. విధి పురుషుని ఒక కర్మలో ప్రవర్తింపజేస్తుంది. నిషేధం ఒక కర్మనుండి నివర్తింపజేస్తుంది. రెంటికీ ప్రామాణ్యం ఒకే వేదవాక్కునుండి వస్తుంది. లాటిన్ జంట ఒకే ధాతువును పంచుకుంటే, సంస్కృత జంట ఒకే ప్రామాణ్యాన్ని పంచుకుంటుంది.

తెలుగు వాడుక ఇంకొక అడుగు ముందుకు వేసింది. ‘విధించు’ అన్న క్రియ పన్నుకూ, శిక్షకూ, గడువుకూ చెల్లుతుంది. ‘నిషేధం విధించారు’ అన్న వాక్యం పత్రికలలో నిత్యం కనిపిస్తుంది. విధికి వ్యతిరేకమైన నిషేధాన్ని కూడా విధించవలసిందే. రోమన్ న్యాయశీర్షికా, ఫోరంలోని పలకా ఈ ఒక్క తెలుగు వాక్యంలో కలిసిపోయాయి.

8. ముగింపు

ఈ పరిశీలన వలన కింది అంశాలు తేలుతున్నాయి.

అ) ‘ప్రిస్క్రైబ్’ అంటే ముందుగా రాసి నియమించడం, ‘ప్రోస్క్రైబ్’ అంటే ఎదుట రాసి వెలివేయడం. ఒకదానికి బదులు మరొకటి రాస్తే వాక్యార్థం తలకిందులవుతుంది.

ఆ) రెండవ పదానికి ఉన్న నిషేధార్థం ధాతువునుండి వచ్చింది కాదు. అది క్రీ.పూ. 82, 43 సంవత్సరాల రోమన్ జాబితాలు మిగిల్చిన గుర్తు.

ఇ) బ్రిటిష్ ఇండియాలో పాఠ్యనిర్ణయం, గ్రంథనిషేధం వేర్వేరు కార్యాలయాల పనులైనా, ఏ పుస్తకం ఎవరి చేతికి చేరాలన్న ఒకే ప్రశ్నకు అవి రెండు జవాబులు. రెంటిలోనూ చేరని పుస్తకం బడి బయట మిగిలిపోవడం మూడవ జవాబు.

ఈ) ‘మాలపల్లి’ ఈ జవాబులన్నింటినీ పదిహేనేళ్ళలో చూసింది. దాని రాతను ఉన్నవ జైలులో రాశారు. దాని తలరాతను మార్చినవారు మాత్రం మద్రాసులో, వాల్తేరులో జాబితాలు రాసినవారు.

జాబితా ఏదైనా అందులో పేరు ఎవరు రాశారో, ఏ కారణంతో రాశారో, దానిని ప్రశ్నించే వీలు ఎవరికి ఉందో అడగడం సాహిత్య చరిత్రకారుని ప్రథమ కర్తవ్యం. అమేరియా రోస్కియుస్ పేరు గడువు దాటాక పలకకెక్కిందని 26 ఏళ్ళ న్యాయవాది నిలదీయబట్టే ఆ సంగతి లోకానికి తెలిసింది.